చక్రాలు లేని నీళ్ళబండి

రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదుకు వెళ్ళింది 1956 నవంబరు ఒకటిన. ఆ తేదీ అందరికీ తెలుసు. నేను మరిచిపోలేని రోజు ఆ తర్వాత నాలుగు నెలలకు వచ్చింది. 1957 మార్చిలో రెండో సోమవారం, మిట్టమధ్యాహ్నం, మా ప్రసూతి కేంద్రం ముందు ఒక లారీ ఆగింది. నలుగురు మనుషులు ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప నీళ్ళతొట్టిని కిందికి దించారు. రాజధాని వదిలేసి వెళ్ళిన సామానులో మా వంతుకు వచ్చింది అది.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది మైదుకూరు దగ్గర మగ్గం నేసే ఇల్లు. పడుగులో ఒక్క పోగు తప్పిందంటే దాన్ని వెతికి పట్టుకునేదాకా నాన్న అన్నానికి లేచేవాడు కాడు. తేదీలూ లెక్కలూ సరిచూసుకునే గుణం నాకు ఆ ఇంటి నుంచే వచ్చింది. కాన్పులు చేసే నర్సుగా శిక్షణ పూర్తయ్యాక, 1955 జూన్‌లో నన్ను కర్నూలు జిల్లాకు వేశారు. కోడుమూరుకు ఐదు మైళ్ళ అవతల ఉన్న ఊరు. కేంద్రం అంటే రెండు గదులు, ఒక వసారా, మూడు ఇనుప మంచాలు. పనిచేసేవాళ్ళం ఇద్దరమే, నేనూ ఆయా.

ఆయాకు యాభై దాటి ఉంటాయి. పిల్లలు లేరు, భర్త పోయి చాలాకాలం. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని, ఆమె నన్ను నర్సమ్మా అనేది. కాన్పు గదిలో లాంతరు పట్టుకునేది ఆమె, నొప్పులతో అరిచే ఆడపిల్లను తిట్టి నవ్వించేది ఆమె, పుట్టిన బిడ్డను మొదట ఒళ్ళోకి తీసుకునేది ఆమె. కాగితం మీద మాత్రం ఆమె పని ఒక్కటే, నీళ్ళు మోయడం. ఆ పేరు మీదే జీతం వచ్చేది. మోసినన్నాళ్ళే ఉద్యోగం.

మంచినీళ్ళ బావి ఊరి బయట ఉండేది. దిగుడుబావి. మెట్లు దిగి, కడవ ముంచుకుని, మళ్ళీ ఎక్కి రావాలి. ఎండాకాలంలో అది అడుగంటితే హంద్రీ ఇసుకలో చెలమ తవ్వుకుని, చిప్పతో తోడుకోవాలి. ఒక ఆచారం మాత్రం మమ్మల్ని కాపాడేది. ఆ ఊళ్ళలో కాన్పు జరిగే చోటికి ఒట్టిచేతులతో పోకూడదంటారు. అందుకని మా దగ్గరికి వచ్చే ప్రతి ఇంటివాళ్ళూ రెండు కడవల నీళ్ళు, కట్టెల మోపు, పాత చీరలు తెచ్చేవాళ్ళు. ఆ నీళ్ళకు తోడు తక్కువపడ్డవి మోస్తే పెద్దమ్మకు సరిపోయేది.

రాజధాని వెళ్ళిపోయిన ఆ చలికాలంలో ఆమె మోకాళ్ళు వాచాయి. ఆముదం రాసి, ఉమ్మెత్తాకు వెచ్చచేసి కట్టుకునేది. నెలకొకసారి తనిఖీకి వచ్చే డాక్టరుగారు ఆమె మెట్టు ఎక్కుతున్న తీరు చూశారు. "ఈమె వల్ల కాదమ్మా. వయసులో ఉన్న మనిషిని ఎవరినైనా చూడు," అన్నారు నాతో. చెడ్డ మనిషి కాదు. నీళ్ళు లేకుండా కాన్పు జరిగితే ఏమవుతుందో తెలిసిన మనిషి.

పెద్దమ్మ తలుపు వెనకే ఉంది. ఆయన జీపు కదిలాక బయటికి వచ్చింది.

"నన్ను తీసేస్తారా నర్సమ్మా?"

"ఎవురన్నారు?"

"నా మోకాళ్ళకు నొప్పిగానీ చెవులకు కాదు. తీసేస్తే యాడికి పోవల్ల? బేతంచెర్లలో తమ్ముడుండాడు. వాని పెండ్లాం నన్ను సూస్తే, కూటికుండ మీద మూత బిగిస్తాది."

ఆమెను నిలుపుకోవడం ఎలాగా అని నేను ఆలోచిస్తుండగానే, జనవరిలో ఆ ఊరి పెద్దరైతు కోడలు మా దగ్గర కాన్పయింది. కాన్పు కావడానికి చాలాసేపు పట్టింది. ఆయన వసారాలో కూర్చుని, పెద్దమ్మ కడవతో వచ్చేదీ పోయేదీ చూస్తూ ఉన్నాడు.

"ఏమ్మే, ఈ కాళ్ళతో ఎన్నాళ్ళు మోస్తావు?" అన్నాడు.

"నీ ఎద్దులకు శానా కాళ్ళుండాయి గదప్పా. ఒక జత నాకియ్యి."

మనవడు పుట్టిన సంతోషంలో ఉన్నాడు, పెద్దగా నవ్వాడు. "కాళ్ళు ఎందుకు, ఎద్దుల్నే ఇస్తా. నీళ్ళబండి యాడుండాది? కర్నూల్లో డేరాల కాడ తిరుగుతాండె సూడు, అట్లాంటిది ఒకటి తెప్పించుకోండి. నా చేను బాయి కాడ నింపి, ఇంటికొచ్చేటప్పుడు ఈడ నిలబెట్టి పోతా. మూడు దినాలకొక సుట్టు తిరిగితే సాలు."

ఆ మాటతో నాకు దారి కనిపించింది. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్ళూ సగం ఆఫీసులు గుడారాల్లోనే నడిచాయి. ఆ గుడారాల మధ్య నీళ్ళబండ్లు తిరగడం నేనూ చూశాను. రెండు చక్రాల మీద ఇనుప తొట్టి, వెనక కొళాయి. ఇప్పుడు గుడారాలు చుట్టేశారు. మిగిలిన సామానును మా ఆరోగ్య శాఖ స్టోరుకు చేర్చారనీ, శాఖలోని ఆఫీసులు తమకు కావలసినవి తీసుకున్నాకే మిగతాది వేలం వేస్తారనీ మాకు ఉత్తర్వు కూడా వచ్చింది.

ఫిబ్రవరిలో జీతానికి కర్నూలు వెళ్ళినప్పుడు స్టోరుకు వెళ్ళాను. ఆవరణంతా సంతలా ఉంది. చేతులున్న కుర్చీల కోసం ఇద్దరు గుమాస్తాలు పోట్లాడుకుంటున్నారు. మడిచి పేర్చిన గుడారాలు, కాళ్ళు మడిచే బల్లలు, పెట్రోమాక్స్ లైట్లు, ఎనామిల్ పళ్ళేలు. ఒక పెద్ద ఆసుపత్రివాళ్ళు గోడ గడియారాలు మూడు ఎక్కించుకుని పోతున్నారు. నీళ్ళబండ్లు నాలుగు, వెనక గోడ నీడన నిలబడి ఉన్నాయి. వాటి వైపు ఎవరూ చూడడం లేదు.

స్టోరు చూసే సాయిబుగారు పెద్దాయన. నాకు కుర్చీ వేయించి, వచ్చిన పని విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు.

"అవి తొట్లు కాదమ్మా, బండ్లు. బండి ఇచ్చినామని రాస్తే పైవాళ్ళు ఎద్దులు యాడ అంటారు. ఎద్దులుండాయంటే గడ్డి ఎవరిచ్చినారంటారు. గడ్డి దొరికిందంటే బండి తోలేవాడు యాడ అంటారు. మీకు తోలేవాని ఉద్యోగం ఉండాదా?"

"లేదు. మా ఊరి రైతు ఊరికే తోలతానన్నాడు."

"ఊరికే తోలేవాడా! అట్లాంటివాణ్ణి ఏ గళ్ళో రాయల్ల? అందుకే గదా వీటిని ఎవరూ ముట్టుకోలేదు."

నేను పెద్దమ్మ సంగతి చెప్పాను. మోకాళ్ళు, డాక్టరుగారి మాట, అన్నీ. ఆయన ప్రసూతి కేంద్రానికి ఏమేమి వస్తువులు ఉండవచ్చో రాసిన పట్టీ తీసి, వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు. ఒకచోట వేలు ఆగింది.

"అల్లా ఉండాడమ్మా. నీళ్ళతొట్టి ఒకటి ఉండచ్చు అనుండాది ఈడ. చక్రాలు ఊడదీస్తే బండి ఏమయితాది? తొట్టే గదా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. నా ముఖమూ వెలిగే ఉంటుంది. ఆయన తెప్పించిన టీ తాగుతూ, ఆ చక్రాలను కూడా లారీలో పడేయమని అడిగాను.

"చక్రాలు మీ పట్టీలో లేవమ్మా. ప్రసూతి కేంద్రానికి చక్రాలెందుకని ఆడిటు అడిగితే ఏం చెప్పల్ల? అవి వేలానికి పోవల్సిందే. ఫికర్ చేయొద్దు, మీ ఊళ్ళో బండి చక్రాలకు కరువా? ఏదో ఒక జత తగిలించుకోండి."

నిజమే అనిపించింది. రైతుల ఊరు. చక్రాలకు కరువేమిటి? తిరుగు బస్సులో నేను ఎంత తేలిగ్గా కూర్చున్నానో ఇప్పటికీ గుర్తుంది. పెద్దమ్మతో చెబితే, ఆమె ఆ సాయిబు కడుపు చల్లగా ఉండాలని దీవించింది.

లారీ వచ్చి తొట్టి దించిన రోజు ఊరంతా చూడడానికి వచ్చింది. పెద్దమ్మ దాని చుట్టూ తిరిగి, కొళాయి తిప్పి చూసి, కొంగుతో తుడిచింది. మర్నాడు వడ్రంగి వచ్చాడు. తొట్టి కిందికి వంగి చూసి లేచాడు.

"ఇరుసు యాడ నర్సమ్మా?"

చక్రాలతోపాటు ఇరుసు, నొగ, చట్రం అన్నీ అక్కడే ఉండిపోయాయి. మాకు వచ్చింది ఒట్టి తొట్టి.

"కొత్త జత తగిలించలేవా?" అన్నాను.

"దేనికి తగిలించల్ల? మొండేనికి కాళ్ళు పెట్టేదానికి నేనేమన్నా బ్రహ్మనా?" అన్నాడు. దానికింద కొత్తగా బండి కట్టాలంటే కట్టవచ్చు. కాని అప్పుడు అది మళ్ళీ బండి అవుతుంది. పట్టీలో లేనిది అవుతుంది.

కొళాయి కింద బిందె పట్టాలి కాబట్టి తొట్టిని నేలమీద పెట్టడానికి లేదు. నాపరాళ్ళు పేర్చి దిమ్మె కట్టించి దానిమీద ఎక్కించాం. దాంతో తొట్టి మూత మా తలల కన్నా పైకి పోయింది. నీళ్ళు పోయాలంటే పక్కన ఇంకో రెండు రాళ్ళు మెట్లుగా వేసి, కడవతో వాటిమీదికి ఎక్కి, కడవను రెండు చేతులతో పైకెత్తి వంచాలి.

పెద్దరైతు మాట తప్పే మనిషి కాడు. తన బండిమీద కడవలు, డబ్బాలు పెట్టి రెండుసార్లు నీళ్ళు తోలాడు. గతుకుల దారిలో సగం ఒలికిపోయాయి. మిగిలిన సగం దించి పోయడానికి పొద్దుపోయింది. మూడోసారి రాలేదు. ఆ ఊళ్ళో నీళ్ళతొట్టిని గాబు అంటారు. కనబడితే మాత్రం అన్నాడు, "బండి తెమ్మంటే గాబు తెచ్చినావు గదమ్మా."

పెద్దమ్మ నీళ్ళు మోస్తూనే ఉంది. అక్కడితో ఆగినా సరిపోయేది. ఆ నెల తనిఖీకి వచ్చిన డాక్టరుగారికి తొట్టి నచ్చింది. కాని అది సగం ఖాళీగా ఉంది. "అడిగి తెప్పించుకున్న వస్తువు వాడకంలో లేకపోతే వెనక్కి తీసుకుంటారు. నాకూ మాట వస్తుంది. ఇది ఎప్పుడు చూసినా నిండుగా ఉండాలి," అన్నారు. తొట్టికి నూటఇరవై గ్యాలన్లు పడతాయి. పెద్దమ్మ కడవకు మూడు. నేను ఆ లెక్క మనసులో వేసుకుని ఆమె వైపు చూడలేకపోయాను. ఆమెకు లెక్కలు రావు. కొళాయిని చూస్తూ, "నిండుగానే పెడతా సారూ," అంది.

ఇంకొకటి నేను ఊహించనిది జరిగింది. కాన్పులకు వచ్చేవాళ్ళు నీళ్ళు తేవడం మానేశారు. కట్టెలు తెచ్చేవాళ్ళు, పాత చీరలు తెచ్చేవాళ్ళు, నీళ్ళు మాత్రం తెచ్చేవాళ్ళు కాదు. పైగా వచ్చిన చుట్టాలు కాళ్ళు కడుక్కోవడానికీ కొళాయే తిప్పేవాళ్ళు. ఒకామెను అడిగాను, రెండు కడవలు తెచ్చుకోకూడదా అని.

"గాబు నిండా పెట్టుకోని మమ్మల్ని తెమ్మంటావా నర్సమ్మా? సర్కారు నీళ్ళు ఎవరికి దాచిపెట్నావు?" అంది, అందరూ వినేటట్టు.

నేను వెనక్కి తగ్గాను. అందరి నీళ్ళూ ఇప్పుడు ఒక్క మనిషి నెత్తిమీదికి వచ్చాయి.

నేను కూడా తెల్లవారుతూనే కడవ పట్టుకుని బయల్దేరాను. పెద్దమ్మ దారిలో ఎదురొచ్చి నా చంకలో కడవ లాక్కుంది. ఆమెకు అంత కోపం రావడం అంతకుముందు చూడలేదు.

"నువ్వు మోస్తే సూసినోళ్ళు ఏమంటారు? ముసిల్దానికి శాత కాదు, నర్సమ్మే మోసుకుంటాంది అంటారు. నన్ను ఎళ్ళగొట్టేదానికి నువ్వే దారి సూపిస్తాండావు."

ఏప్రిల్‌లో మళ్ళీ స్టోరుకు వెళ్ళాను. చక్రాలు వేలంలో అమ్ముడుపోయాయని సాయిబుగారు చెప్పాడు. చెప్పి, "తొట్టి బాగుండాది గదమ్మా? కారడం లేదు గదా?" అని అడిగాడు. ఎంతో ఆదరంగా అడిగాడు. బాగుందని చెప్పి వచ్చేశాను.

ఆ చక్రాలను తర్వాతి సంతలో చూశాను. కోడుమూరు సంతకు పెద్దమ్మా నేనూ కలిసి వెళ్ళాం. కిరసనాయిలు అమ్మే వ్యాపారి బండి మా ముందునుంచి పోయింది. పీపా కింద ఆకుపచ్చ చక్రాలు, వాటిమీద తెల్లరంగుతో మా శాఖ గుర్తు ఇంకా చెరగలేదు. పెద్దమ్మకు చదువు రాదుగాని రంగు గుర్తుపట్టింది.

"నర్సమ్మా, మన కాళ్ళు పోతాండాయి సూడు!"

బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. "శానా బాగా పోతాండాయి. సప్పుడు గూడా లేదు," అంది. తర్వాత ఉల్లిగడ్డలు బేరం చెయ్యడానికి కూర్చుంది, కూర్చున్నాక లేవడానికి నా చెయ్యి పట్టుకుంది.

మే నెలలో దిగుడుబావి ఎండిపోయింది. హంద్రీ దాకా నడిచి, చెలమలో ఊరేదాకా కూర్చుని, తోడుకుని రావాలి. ఒకరోజు పొద్దున నేను లోపల బిడ్డకు బొడ్డు కట్టు మారుస్తున్నాను. బయట కడవ పగిలిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే పెద్దమ్మ దిమ్మె పక్కన కూర్చుని ఉంది. రాతిమెట్టు మీద కాలు నిలవలేదు. చీరంతా తడిసింది. మోకాలు పక్కకు తిరిగి ఉంది. నేను వంగగానే ఆమె అన్న మొదటి మాట, "డాక్టరుకు సెప్పొద్దు."

చెప్పలేదు. ఆయనే చూశారు. గోడ పట్టుకుని నడిచే మనిషిని దాచడం ఎలా? ఆయన ఆమెతో చాలా మర్యాదగా మాట్లాడారు, కాలుకు మందు రాసిచ్చారు. జూన్ ఒకటో తేదీ నుంచి కొత్త మనిషి వచ్చింది. పెద్దమ్మ తన దుప్పటి, ఇత్తడి చెంబు మూటకట్టుకుని, డోను వెళ్ళే బస్సెక్కి బేతంచెర్లకు పోయింది. ఎక్కేముందు తొట్టి మూత సరిగా లేదని వెనక్కి వచ్చి సర్దింది.

కొత్తమ్మాయికి ఇరవై ఐదేళ్ళుంటాయి. గట్టి మనిషి. నోరు ఇంకా గట్టిది. రెండు రోజులు నీళ్ళు మోసింది. మూడో రోజు ఎక్కడినుంచో ఒక గొలుసు, తాళం తెచ్చి కొళాయికి వేసింది. తాళంచెవి నడుముకు దోపుకుని గడప దగ్గర కూర్చుంది.

"ఈ గాబు బాలింతలది. ఒక కడవ పోసినోళ్ళకే కొళాయి తిప్పేది. ఒట్టిచేతులతో కాన్పు కాడికి వస్తారా మీ ఊర్లో? మా ఊర్లో అయితే నవ్వుతారు," అంది వచ్చినవాళ్ళతో.

ఒకళ్ళిద్దరు గొణిగారు. ఆ వారం తిరిగేసరికి అందరూ కడవలతోనే రావడం మొదలైంది. మెట్లు ఎక్కి పోయడానికి వాళ్ళలో మగవాళ్ళు ఉండేవాళ్ళు. ఎవరి కడవ వాళ్ళకు బరువనిపించలేదు. తొట్టి నిండుగా ఉండేది. డాక్టరుగారు ఎప్పుడు వచ్చి చూసినా నిండుగానే ఉండేది. రాజధాని వదిలి వెళ్ళిన వస్తువు నిజంగా ఉపయోగపడిందని ఆయన పై అధికారులకు రాశారు కూడా. అది అబద్ధం కాదు. ఆ ఎండాకాలం తర్వాత ఎంతమంది తల్లులు ఆ నీళ్ళతో శుభ్రంగా స్నానం చేసి ఇళ్ళకు వెళ్ళారో నాకు తెలుసు. ఒక తాళం, నాలుగు గట్టి మాటలు. ఇవి నాకెందుకు తోచలేదో, తోచినా అనే ధైర్యం నాకుండేదో లేదో, ఆ సంగతి ఇన్నేళ్ళుగా తేలలేదు.

1958 ఏప్రిల్‌లో తమ్ముడి పెళ్ళికని మైదుకూరు బయల్దేరాను. డోనులో నంద్యాల రైలెక్కాను. నంద్యాల నుంచి బస్సు పట్టుకోవాలి. బేతంచెర్ల స్టేషన్లో రైలు చాలాసేపు ఆగింది. నాపరాళ్ళు పేర్చిన వ్యాగన్లు పక్క పట్టాల మీద కదులుతున్నాయి. తెల్లటి దుమ్ము. ప్లాట్‌ఫారం చివర తాటాకు పందిరి కింద చలివేంద్రం పెట్టారు. ఇసుకలో ఆరేడు కుండలు. వాటి వెనక, పీటమీద కాళ్ళు చాపుకుని, పొడుగు కాడ ముంతతో పెద్దమ్మ కూర్చుని ఉంది.

నేను దిగి పరుగెత్తాను. నన్ను చూసి లేవబోయి, మోకాలి మీద చెయ్యి వేసుకుని మళ్ళీ కూర్చుంది.

"సిక్కిపోయినావు నర్సమ్మా. కొత్తది తిండి సరిగా పెట్టలేదా?"

"నీ తమ్ముడి పెండ్లాం నీకు పెడతాందా?"

"మూత కొంచెం తీస్తాది, మళ్ళా పెడతాది." నవ్వింది. "గనుల యజమాని ఈ పందిరి ఏపిచ్చినాడు. ఎండాకాలం నాలుగు నెలలు నాకిదే పని. నీళ్ళు బండిమీద వస్తాయి. మంచి బండి, రెండు సక్రాలు. నేను కూసోని పోసేదే."

ఆమే అడిగింది.

"మన గాబు ఎట్లుండాది?"

"బాగుండాది."

"నిండుగుండాదా?"

"నిండుగుండాది పెద్దమ్మా."

"ఎవరు నింపుతాండారు?"

ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను. "కాన్పులకు వచ్చేటోళ్ళే. తలా ఒక కడవ తెచ్చి పోస్తాండారు," అన్నాను.

ఆమె ముంతను కుండలో ముంచి, ముంచిన చెయ్యి అలాగే ఉంచింది. అవతల వ్యాగన్లు ఒకదానికొకటి తగిలి, ఆ చప్పుడు చివరిదాకా పోయింది.

"అదేమో," అంది. "నేనుండంగా పోయకపోయిరి."

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. నిజంగానే ఎందుకో తెలియనట్టు అంది. తర్వాత ముంత పైకి తీసి, "దోసిలి పట్టు, రైలు పోతాది," అంది.

వంగి దోసిలి పట్టాను. చల్లటి నీళ్ళు పోసింది. తాగాను. తాగుతూ తల ఎత్తలేదు.

"సాలా? ఇంగ పొయ్యల్లా?" అంటోంది పైనుంచి.

దోసిలి అలాగే పట్టి ఉంచాను. ఆమె పోస్తూనే ఉంది.